పాయాతో అంటించిన ఫిడేలు

డబ్బా అడుగున లవంగం కనబడేసరికి అక్తర్ బీ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. జిగురులో లవంగమేమిటి, జిగురులో ఎవరైనా లవంగం వేస్తారా, లవంగం వేసేది పాయా నీళ్లలో గదా. మేక కాళ్లు కాల్చి, గీకి, కడిగి నాలుగు గంటలు సన్నని మంట మీద పెట్టినప్పుడు నీచువాసన రాకుండా తాను వేసేది ఒకే ఒక్క లవంగం. ఉప్పు వేయదు, పసుపు వేయదు, వడగట్టి, పైన తేలిన కొవ్వంతా తీసేసి ఫ్రిజ్‌లో పెడుతుంది. గడ్డకట్టి కూచుంటుంది. కావలసిన రోజు మసాలా నూరి కలుపుకుంటే సరి. ఎర్ర రబ్బరు బ్యాండు వేసిన డబ్బా సాబ్ జిగురుది, బ్యాండు లేనిది పాయాది, మూడేళ్లుగా ఈ ఇంట్లో ఇదే కానూను. మరి ఇప్పుడు బ్యాండు లేని డబ్బా మూత తీసి, ఉల్లిపాయల మీద గరిటెడు వేయబోయి ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన తోలు వాసన గుప్పుమంది. అనుమానమొచ్చి బ్యాండు వున్నది తీసి చూస్తే, అడుగున రెండు చెంచాలంత మిగిలి, దాని మధ్యలో లవంగం. అంటే ఇది పాయా. అంటే అది జిగురు. అంటే బుధవారం నాడు సాబ్ బ్యాండు చూసి తీసుకుని, వేడి చేసుకుని, కుంచెతో ఫిడేలు చుట్టూ పూసింది జిగురు కాదు. ఆమె పొయ్యి ఆర్పేసింది. గడియారం మూడు దాటి రెండు నిమిషాలు. సాబ్‌ని కారెక్కించుకుని డ్రైవరు నయీమ్ షార్జా పోయాడు, ఫిడేలు వాయించి చూసే బాలసుబ్రహ్మణ్యం సారును తీసుకురావడానికి. నాలుగింటికల్లా ముగ్గురూ ఇక్కడ వుంటారు. పక్క గదిలో బల్ల మీద సాబ్ చేసిన పన్నెండో ఫిడేలు, నాలుగు తీగలూ బిగించుకుని, పాయాతో అంటుకుని పెళ్లికూతురిలా కూచుని వుంది.

నాలుగు తీగలూ కలిసి ఎంత లాగుతాయో ఒకసారి సాబే చెప్పాడు, ఇరవై అయిదు కిలోల బియ్యం మూట వేలాడదీసినంత అని. చెప్పి, వంటింట్లోని బియ్యం మూటను వేలితో చూపించి నవ్వాడు. ఆ పూట బియ్యం తీస్తూ ఆమె మూటను రెండు చేతులా ఎత్తి చూసింది, నడుము పట్టేసింది. అంత బరువు ఆ పలచని పలక మీద, ఆ పలక తన పాయా మీద. యా అల్లా, ఇదేమి పరీక్ష. నవ్వొస్తోంది గూడా, నవ్వు రావడం ఇంకా పెద్ద పాపమేమో. డంకన్ సాబ్ అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ముప్ఫై ఒక్క ఏళ్లు పంపులు బాగుచేసిన మనిషి. ఎక్కడ ఏ పంపు కారినా ఆయన వెళ్లి చెవి ఆనించి వినేవాడట, జబ్బు చెప్పేవాడట, ఆ చెవి ఆయనకి తాతనుంచి వచ్చిందట. తాత స్కాట్లండులో చెప్పులు కుట్టేవాడు, చలికాలం గిరాకీ లేనప్పుడు పొయ్యి పక్కన కూచుని ఫిడేళ్లు చేసేవాడు, బళ్లో నేర్చుకున్నది కాదు, చూసి చూసి చేతికొచ్చింది. ‘మా దగ్గర ఫిడేళ్లు చేసింది చెప్పులవాళ్లు, నాగలి దున్నేవాళ్లు, గొర్రెలు కాసేవాళ్లు. పంపుల మేస్త్రీ ఎందుకు చేయకూడదు’ అంటాడు సాబ్, తన ముసఫ్ఫా హిందీలో. మొదటిది పంపులొచ్చిన చెక్కపెట్టెలు విప్పి చేశాడు. అది పంపులాగే మోగిందని ఆయనే చెప్తాడు. ఈ పన్నెండోదాని వెనక పలక మాత్రం వాళ్ల అక్క ఇంటి వెనక గాలివానకి పడిన చెట్టుది. ఉన్ని బనీన్లలో చుట్టి సూట్‌కేసులో తెచ్చుకుంటుంటే విమానాశ్రయంలో ఆపి ఇదేమిటి అన్నారట. ఫిడేలు అన్నాడట. ఎక్కడుంది ఫిడేలు అంటే, ఇందులోనే వుంది, ఇంకా బయటికి రాలేదు అన్నాడట. ఆ పోలీసు కూడా నవ్వి పొమ్మన్నాడట.

బయటికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆమె ఈ ఉమ్ అల్ క్వైన్ ఇంటికి వంటకి వచ్చిన మొదటి రోజు, నీళ్లవైపు అరుగు మీద బట్టల తీగకి వరసగా రంగు వేయని ఫిడేళ్లు వేలాడుతుంటే, ఎండుచేపలనుకుంది, ఇంత పెద్ద చేపలు ఏ సముద్రానివో అనుకుంది. ఎండ తగిలితే కొయ్యకి రంగొస్తుందట, వాళ్ల ఊళ్లో అందుకు ఏడాది ఆగాలట, ఇక్కడ నెల చాలట. సూర్యుణ్ణి ఇంత మెచ్చుకునే మనిషిని ఆమె గల్ఫ్‌లో ఇంకొకరిని చూడలేదు. అప్పుడు జిగురు ఆయన చేతిలోనే వుండేది. తోలు జిగురు, పలుకులు పలుకులుగా వుంటుంది, ఆమె సొంతూరు రాయచోటిలో వడ్రంగులు దాన్ని సరేసు అనేవాళ్లు, రాత్రంతా నానబెట్టి వేడి చేయాలి. తర్వాత ఇరవైలో కరోనా వచ్చింది, ఇంట్లో ఇద్దరూ చెరో గదిలో పడుకుని గోడ మీద తట్టి పలకరించుకున్నారు. ఆమెకి నెలకి వాసన తిరిగొచ్చింది. ఆయనకి రాలేదు. ఆ సంగతి ఆయన ఒప్పుకోలేదు కూడా. జిగురు కుళ్లి ఇల్లంతా తోళ్ల మండీలా కంపు కొడుతుంటే దాని పక్కనే కూచుని ఈల వేస్తూ పని చేసుకుంటున్నాడు, కిటికీ కింద తొమ్మిది పిల్లులు చేరి అరుస్తున్నాయి. ఆ రోజు ఆమె గిన్నె ఆయన చేతిలోంచి లాక్కుంది. ‘ఇకనుంచి కొయ్య మీది సాబ్, జిగురు నాది’ అంది. అంత మాట ఎలా అనగలిగిందో ఇప్పటికీ తెలియదు. ఆయన పిల్లుల వంక చూసి, సరే అన్నాడు.

జిగురు తన చేతికొచ్చాక గదా ఆయన చేస్తున్న తప్పు తెలిసింది. పెద్ద మంట మీద పెట్టి కుతకుత తెర్లించేవాడు. పాయా తెర్లితే జిగట చచ్చిపోతుందని రాయచోటిలో ఎనిమిదేళ్ల పిల్లకి కూడా తెలుసు. సన్నగా, చెయ్యి పెడితే ఓర్చుకునేంత వేడి మీద, నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి కరిగించింది. సాబ్ రెండు వేళ్ల మధ్య పట్టి సాగదీసి చూసి, ఇంకోసారి చూసి, ఇంత పెద్ద తీగ సాగితే ఆశ్చర్యపోయి, ఎక్కడ నేర్చుకున్నావన్నాడు. వంటింట్లో అంది. ఆనాటినుంచి రెండూ ఒకే రకం ఐస్‌క్రీం డబ్బాల్లో, ఒకే అరలో, ఒకే రంగులో పక్కపక్కన. ఒక రోజు నయీమ్ దుబాయ్ సత్వానుంచి ఆలస్యంగా వచ్చాడు, ఆకలి మీదున్నాడు, చేతికందిన డబ్బాలోంచి సగం వేడి చేసుకుని ఖుబ్బూస్ రొట్టెతో తినేశాడు. ‘ఖాలా, ఉప్పు మరిచిపోయినావు, అయినా పళ్లకి బాగా పట్టుకుంటుండాది’ అన్నాడు. నలభై రెండేళ్లవాడు, ఇద్దరు బిడ్డల తండ్రి, నెల్లూరులో అంత తిండి తిన్నవాడు, పాయాకీ తోలుకీ తేడా తెలియలేదు. రెండు రోజులు సాబ్ పొద్దున్నే వాణ్ణి నిలబెట్టి, కడుపు బిగిసిందా వదులైందా అని ఆరా తీశాడు. అప్పుడు పెట్టింది ఎర్ర బ్యాండు. మరి ఆ బ్యాండు ఎవరు మార్చారు, వాడే మార్చి వుంటాడు, వాడికి ఫ్రిజ్ తలుపు తీసి నిలబడి గాలి పోసుకోవడం అలవాటు, ఏదో ఒకటి కెలుకుతాడు. ఫోను తీసింది.

“నయీమ్, యాడున్నారు?”

“సారు వాళ్ల బిల్డింగు కాడ్నించి ఇప్పుడే బయల్దేరినాం. ఏంది ఖాలా, ఏమన్నా తీసుకురావాలా?”

“నువ్వొక్కడివే వింటాన్నావా?”

“ఒక్కడినే ఎట్లా వింటాను, బండి తోల్తుంటే. స్పీకర్లో వుండావు. సాబ్ ముందర, సారు వెనకాల.”

“నమస్కారమమ్మా” అంది వెనకనుంచి ఒక మెత్తని గొంతు. అచ్చమైన నెల్లూరు తెలుగు.

ఉర్దూలో చెప్తే సాబ్‌కి తెలుస్తుంది. తెలుగులో చెప్తే సారుకి తెలుస్తుంది. అరబ్బీలో ఆమెకి వచ్చింది నాలుగు మాటలు, వాటిల్లో పాయా లేదు.

“ఫ్రిజ్‌లో ఎర్ర రబ్బరు బ్యాండు నువ్వు కదిలించినావా?”

“నాకెందుకు ఖాలా రబ్బరు బ్యాండు, కట్టుకునేదానికి జుట్టు కూడా లేదే.”

వెనక సారు నవ్వడం వినబడింది. ఏమంటోంది అన్నాడు సాబ్. రబ్బరు బ్యాండు వెతుకుతోంది సాబ్ అన్నాడు నయీమ్. నీలం సొరుగులో డబ్బాడు వున్నాయి, తీసుకోమను అన్నాడు సాబ్. ఆ గొంతులో ఎంత ఉషారు. పిల్లల పరీక్షకి పోయే తండ్రిలాగా వున్నాడు పొద్దుటినుంచీ, కొత్త చొక్కా వేసుకున్నాడు, దాని కాలరు వెనక చీటీ తీయడం మరిచిపోయాడు, తానే కత్తెరతో కత్తిరించింది.

నయీమ్ కాదు. నయీమ్ కాకపోతే బుధవారం జరిగిందేమిటి. బుధవారం పొద్దున ఏసీ ఆపించాడు సాబ్. సెప్టెంబరు వేడి, గది కొలిమిలా వుంది, అదే కావాలి ఆయనకి. వాళ్ల తాత చలిలో చేసేవాడట, జిగురు పూసీ పూయకముందే బిగుసుకుపోయేదట, ఇంట్లోవాళ్లంతా పరుగులు పెట్టేవాళ్లట. ఇక్కడ ఏసీ ఆపితే చాలు, తాపీగా చేసుకోవచ్చట. ఈ దేశం ఫిడేళ్లకోసమే పుట్టింది అంటాడు చెమటలు కక్కుతూ. నిజానికి ఫిడేలు అప్పటికే తయారై, రంగు కూడా వేసి వుంది. వాయించి చూస్తే లోపల ఏదో మూలిగిందని, ఏడు వారాలు మౌనంగా తిరిగి తిరిగి, సోమవారం నాడు పాత టేబుల్ కత్తి తీసుకుని పై పలకని ఊడదీశాడు. కర్రు కర్రుమని వచ్చిందది, మొండిగా, ఒకచోట చెక్క పేడు కూడా లేచొచ్చింది. ఆ చప్పుడుకి ఆమె వంటింట్లో చెవులు మూసుకుంది. లోపలి పుల్ల సరిచేసి మళ్లీ అంటించింది బుధవారం. ఆమె నీళ్ల గిన్నె పట్టుకుని నిలబడింది, ఆయన కుంచె ముంచి అంచంతా పూశాడు, పై పలక పెట్టాడు, చుట్టూ దారపు రీళ్లతో చేసిన బిగింపులు ముప్ఫై రెండు ఒక్కొక్కటే తిప్పి బిగించాడు. ఆ రీళ్లు సత్వాలో దర్జీ దుకాణాల చుట్టూ తిరిగి నయీమ్ ఏరుకొచ్చినవి. ఖాళీ రీళ్లు అడిగే డ్రైవరును చూసి దర్జీలు పాపం పిచ్చెక్కిందనుకుని టీ ఇచ్చి పంపారట. గురువారం సాయంత్రం విప్పేటప్పుడు సాబ్ ‘ఇడ్శిపెట్టు, ఇడ్శిపెట్టు’ అని తనకి తానే చెప్పుకున్నాడు. ముసఫ్ఫాలో వెల్డింగు చేసే హన్మంతు నేర్పించిన తెలుగు అది. గట్టిగ పట్టు, మెల్లగ, ఇడ్శిపెట్టు, ఈ మూడే ఆయనకి వచ్చిన తెలుగు మాటలు, ఫిడేలు చేయడానికి ఇవి చాలు అంటాడు.

మరి డబ్బా. డబ్బాలో పోసింది మంగళవారం. రెండూ ఒకేసారి వడగట్టింది, అవును, గట్టు మీద రెండు డబ్బాలు, మూతలు కడిగి బోర్లించింది, బ్యాండు మణికట్టుకి వేసుకుంది పారేసుకోకుండా. అప్పుడు ఫోను మోగింది, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది, రాయచోటినుంచి అక్క సైదున్నీసా. కోడలు మిక్సీ దాచిపెట్టింది, ఎక్కడ దాచిందో తెలిసీ సైదున్నీసా అడగడం లేదు, పట్టుదలగా నాలుగు రోజులు రోట్లో నూరింది, చివరికి కొడుకు వచ్చి ఈ ఇంట్లో పచ్చడి ఇంత బాగుందేమిటి ఇకనుంచి రోజూ రోట్లోనే నూరమ్మా అన్నాడు, అని చెప్తుంటే అక్తర్ బీకి నవ్వాగలేదు, కళ్లనీళ్లు వచ్చాయి. నవ్వుతూ నవ్వుతూ మూతలు పెట్టింది, మణికట్టు మీది బ్యాండు తీసి వేసింది. దేనికి వేసింది? నవ్వేటప్పుడు చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, వాటికి కళ్లుండవు. అయితే నయీమ్ కాదు, పాపం. తానే. ఇదంతా ఆ మిక్సీ చేసింది. రాయచోటికి ఫోను కలిపింది.

“ఆపా, మంగళవారం మిక్సీ కథ చెప్పి నవ్వించినావే, దాని వల్ల ఏమైందో తెలుసా?”

“ఏమైంది, మీ సాబ్ నాకు మిక్సీ కొనిస్తాన్నాడా?”

“పాయాతో ఫిడేలు అంటించినాం.”

రాయచోటిలో రోలు పక్కకి జరిపిన చప్పుడయింది.

“తిరగమోత పెట్టినాకనా, పెట్టకముందా?”

“పెట్టకముందే.”

“అయితే ఏం కాదులే. పోయిన బక్రీదుకి పాయా కలిపిన చేత్తో నిద్రపోతే నా ఉంగరం మూడు దినాలు ఊడి రాలేదు. ఫిడేలు యాడికి పోతాది.”

“వాయించేటప్పుడు ఊడితే?”

“ఊడితే ఊడనీ. ఆయనకి చెప్పబాకు. మగోళ్లకి వంటింటి సంగతులు చెప్పినామంటే తినడం మానేస్తారు.”

“ఇది తినేది కాదాపా, వాయించేది.”

“ఏదైనా ఒకటే. చెప్పబాకు.”

అక్క మాట ఎప్పుడూ ఇంతే, తేలిక. ఆమె ఫోను పెట్టేసి పక్క గదిలోకి వెళ్లింది. మూడున్నర. ఏసీ సన్నగా గుర్రుమంటోంది, కిటికీ అవతల నీళ్లు వెనక్కి పోయి బురద మెరుస్తోంది, పొడుగుకాళ్ల పక్షులు నాలుగు దాంట్లో తలలు ముంచి వెతుక్కుంటున్నాయి. గోడ మీద పదకొండు ఫిడేళ్లు. వాటిలో ఏడింటికి పై పలకలు నిలువునా చీలాయి, లోపల ఏసీ ఎండబెడుతుంది, బయట గాలి నానబెడుతుంది, మధ్యలో కొయ్య ఏం చేస్తుంది. చీలిన ప్రతిసారీ సాబ్ దాన్ని గోడకి తగిలించి, దాని ముందు నిలబడి, తర్వాతిదానికి జిగురు ఇంకా చిక్కగా పెట్టమన్నాడు. బాలసుబ్రహ్మణ్యం సారు మూడేళ్ల కిందట ఒకసారి వచ్చాడు. బ్యాంకులో లెక్కలు చూసే మనిషి, సాయంత్రాలు పిల్లలకి ఫిడేలు చెప్తాడు, మెత్తనివాడు, ఎవరినీ నొప్పించడు. అప్పటి ఫిడేలు పది నిమిషాలు వాయించి, జాగ్రత్తగా కింద పెట్టి, ‘కొయ్య చాలా మంచిదండీ’ అన్నాడు. సాబ్ ఇంగ్లీషు యాస సారుకి, సారుది సాబ్‌కి ఎక్కవు, మధ్యలో నయీమే. వాడు దాన్ని తర్జుమా చేశాక సాబ్ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఈసారి చెప్పేశాడు, బల్ల మీద అరచెయ్యి ఆనించి, ఇదొక్కటి ఆయన మళ్లీ కొయ్య బాగుందంటే ఖలాస్, పనిముట్లన్నీ ముసఫ్ఫాలో ఎవరికైనా ఇచ్చేస్తాను అని. ఆ అరచెయ్యి సన్నగా వణుకుతోంది. చలికాలంనుంచీ వణుకుతోంది. ఆయన దాన్ని చూడనట్టు చూస్తుంటాడు.

ఏమీ చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది. డబ్బాలోని రెండు చెంచాలు సింకులో పోస్తే లవంగంతో సహా వెళ్లిపోతుంది. అంటుకునే వుంటే మంచిదే, సైదున్నీసా ఉంగరంలా వుండిపోతే ఎవరికీ గొడవ లేదు. ఊడితే? ఊడితే సాబ్ ఎవరిని అంటాడు. జిగురుని అనడు, జిగురు అక్తర్‌ది, అక్తర్ జిగురు తప్పదని ఆయన నమ్మకం. బిగింపులని అనడు. చేతుల్ని చూసుకుంటాడు. నా చేతులు సరిగ్గా బిగించలేదు అనుకుంటాడు, ఆ వణికే రెండు చేతుల్నీ ఒళ్లో పెట్టుకుని. అక్కడికి వచ్చి ఆమె ఆలోచన ఆగిపోయింది, ఇక ముందుకు పోలేదు, వెనక్కి పోలేదు. తాను నవ్వుతూ చేసిన తప్పు పోయి ఆయన చేతుల మీద కూచుంటుంది. ఫిడేలు వంక చూసింది. అదీ ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది, తేనెరంగు, అంచు వెంబడి వెంట్రుకంత నల్లగీత. ముట్టుకోబోయి చెయ్యి పైటకి తుడుచుకుంది, మళ్లీ ముట్టుకోలేదు. ఎక్కడో లోపల టిక్కుమన్నట్టయింది. అది ఫిడేలో, ఏసీయో, తన గుండెకాయో. బయట కారు తలుపులు మూడు వరసగా పడ్డాయి.

సారు చెప్పులు విప్పి, కుర్చీ వద్దని, తివాచీ మీద మఠం వేసి కూచుని ఒక కాలు ముందుకి చాపుకున్నాడు. ఫిడేలు తలను ఆ పాదం మీద ఆనించుకుని వాయిస్తాడట, అలా వాయించడం పోయినసారే సాబ్‌కి ఒక వింత. సాబ్ నేల మీద కూచోవడానికి గోడ పట్టుకుని మెల్లగా దిగాడు. నయీమ్ గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె నీళ్లు తెచ్చింది, గ్లాసు పెట్టింది, పెట్టి నిలబడింది.

“సాబ్, ఏక్ బాత్.”

“బాద్ మే, అక్తర్.”

“బాద్ మే నహీ సాబ్. అభీ.”

తర్వాత కాదు, ఇప్పుడే. ఇన్నేళ్లలో ఆయన మాటకి ఆమె అడ్డం చెప్పడం ఇది రెండోసారి. ఉర్దూలో గబగబా చెప్పేసింది, మంగళవారం, ఫోను, నవ్వు, బ్యాండు, బుధవారం ఆయన పూసింది జిగురు కాదు పాయా. నయీమ్ పైకప్పు చూస్తున్నాడు. సాబ్ కళ్లజోడు తీశాడు.

“పాయా,” అన్నాడు. “బకరే కా?”

“బకరే కా సాబ్.”

“నమక్ డాలా?” ఉప్పు వేశావా అని.

“నహీ.”

“చర్బీ?” కొవ్వు సంగతి అడిగాడు.

“మొత్తం తీసేసినా సాబ్, చెంచాతో, కాగితంతో కూడా అద్దినా” అంది, కంగారులో తెలుగొచ్చేసింది, నయీమ్ చెప్పాడు.

“కిత్నా ఘంటా పకాయా?”

“చార్ ఘంటా. ఛోటీ ఆగ్.”

సాబ్ కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. అప్పుడు అందరికీ సారు గుర్తొచ్చాడు. గుడ్డు కూడా ముట్టని మనిషి, అంతా విన్నాడు, ఉర్దూ అంతంతమాత్రమే అయినా పాయా, బకరా తెలియకపోవు, ఫిడేలు ఆయన గుండెకి ఆనుకుని వుంది.

“మా గురువుగారు చెప్తుండేవారమ్మా,” అన్నాడాయన తీరిగ్గా, “ఫిడేల్ని దేంతో అంటించినారో మనం అడగగూడదురా అని. ఆయన అరవై ఏళ్లు అడగలా. నేను నలభై ఏళ్లుగా అడగలా. ఇయ్యాళ నువ్వుగా వచ్చి చెప్పేసినావు.”

“తప్పయింది సార్.”

“తప్పేముంది. నాకేం వినబళ్లేదు.”

బిరడాలు తిప్పాడు. ఆమె చీర చెంగు పళ్లమధ్య పెట్టుకుంది. కానీ ఆయన బిగించడం లేదు, వదులుతున్నాడు, తన శ్రుతికి కిందికి దించుకుంటున్నాడు. సాబ్ పెదాలు ఇడ్శిపెట్టు, ఇడ్శిపెట్టు అని కదులుతున్నాయి. కమాను తీగల మీద ఆనింది. ఆమెకి రాగాలు తెలియవు. మొదట ఒకే స్వరం, చాలాసేపు, మేలుకోబోతున్న మనిషి ఒత్తిగిల్లినట్టు. తర్వాత దాని పక్కన ఇంకొకటి. తర్వాత రెండూ ఒకదానిలోకి ఒకటి జారిపోతూ, ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలైందో తెలియకుండా, గోరువెచ్చగా, సాగుతూ. సరిగ్గా కాగిన పాకంలా సాగుతోంది అనుకుని తన బుద్ధి వంటింటిని దాటిపోనందుకు తనని తాను తిట్టుకుంది. నయీమ్ ద్వారానికి ఒరిగి కళ్లు మూసుకున్నాడు. అంతలో కింది తీగ మీదికి సారు చెయ్యి పోయినప్పుడు, డబ్బాలో ఈగ పడ్డట్టు ఒక చప్పుడు. ఆగింది. మళ్లీ వచ్చింది. సారు కమాను ఎత్తాడు.

సాబ్ మోకాళ్ల మీద దగ్గరికి వచ్చి ఫిడేలు అంచు వెంబడి వేలి కణుపుతో తట్టుకుంటూ పోయాడు, టకటకటక, అంతా ఒకే చప్పుడు, కింద ఎడమవైపుకొచ్చేసరికి బోలుగా మోగింది. రెండు వేళ్ల పొడుగు. అక్కడ ఊడింది. ఆమె కూడా దగ్గరికి జరిగి నేల మీద కూచుంది. సాబ్ సొరుగులోంచి పలచని బ్లేడు తెమ్మని నయీమ్‌కి సైగ చేసి, ఆ సందులో పెట్టి లోపలికి చూశాడు. పేడు లేవలేదు, చీలలేదు, శుభ్రంగా విడిపోయి వుంది, గోరుతో తీసిన చింతగింజ పొట్టులాగా. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. గోడ మీద చీలిన ఏడింటినీ చూపించాడు, వేలు వణుకుతూనే వుంది, దాని సంగతి ఆయనకి పట్టడం లేదు. తాత చెప్పేవాడట, పుస్తకాల్లో కూడా వుందట, పై పలకకి జిగురు పలచగానే పెట్టాలని, కొయ్య బిగిసినప్పుడు జిగురు వదలాలి గాని కొయ్య చీలకూడదని. ఊడితే మళ్లీ అంటించుకోవచ్చు, చీలితే ఏముంది. తెలుసట. తెలిసీ చేతులు రాలేదట, ముప్ఫై ఒక్క ఏళ్లు ఎక్కడా చుక్క కారకూడదని బిగించిన చేతులు, వదులుగా పెట్టమంటే ఎలా పెడతాయి. ఇదంతా ఆయన హిందీలో, చేతులతో, సగం తన భాషలో చెప్తుంటే నయీమ్ సారుకి చెప్పాడు, సారు తలూపాడు.

“పాయా ఔర్ హై?” అన్నాడు సాబ్.

“దో చమ్మచ్.”

“గరమ్ కరో. యల్లా.”

ఆమె లేచి పరుగెత్తింది. నీళ్ల గిన్నెలో చిన్న గిన్నె పెట్టి, లవంగం తీసి పారేసి, కరిగించి, గుడ్డతో పట్టుకుని తెచ్చింది. సాబ్ రీళ్ల బిగింపులు నాలుగు ఒళ్లో పెట్టుకుని, కుంచె పట్టుకుని సిద్ధంగా వున్నాడు. ఫిడేలు మాత్రం సారు దగ్గరే వుంది, ఆయన మళ్లీ మొదలుపెట్టాడు, ఊడినచోటుని కదిలించే తీగ జోలికి పోకుండా పై మూడింటి మీద.

“సార్, అది కొంచెం ఇస్తే” అన్నాడు నయీమ్.

“ఒక్క నిమిషం నాయనా.”

గిన్నెలో పాయా గడ్డకట్టింది. ఆమె మళ్లీ వంటింట్లోకి వెళ్లింది, నయీమ్ వెనకే వచ్చాడు.

“ఖాలా, అదీ పూసేస్తే నేనేం తినేది?”

“గుడ్డు.”

“పోయినసారి నేను ఆయన జిగురు తిన్నా. ఈసారి ఆయన నా పాయా వాడుకున్నాడు. సరిపోయిందిలే.”

రెండోసారి వేడిగా తెచ్చేసరికి కూడా సారు ఆగలేదు. ఇప్పుడు ఆ నాలుగో తీగ మీదికి కూడా పోతున్నాడు, ఈగ మోగితే మోగనిస్తున్నాడు, దానివైపు తల కొంచెం వంచి నవ్వుతున్నాడు, తుంటరి మనవణ్ణి సహించినట్టు. నీళ్ల గ్లాసు ముట్టలేదు. ఎండ కిటికీ దాటి తివాచీ మీదికి వచ్చి ఆయన చాచిన పాదాన్ని పట్టుకుంది. కమాను ఆపకుండానే అన్నాడు, “నయీమూ, వారికి చెప్పు. అంటించినాక దీన్ని నేను తీసుకుపోతాను. అంటించకపోయినా తీసుకుపోతాను.”

నయీమ్ చెప్పాడు. సాబ్ కుంచె తిరగేసి పట్టుకున్నాడు, అది ఆయనకి తెలియలేదు, బిగింపులు ఒకటొకటిగా ఒళ్లోంచి తివాచీ మీదికి జారుతున్నా తీసుకోలేదు. అక్తర్ బీ గిన్నె ముట్టుకుని చూసింది. మళ్లీ గడ్డకట్టింది. చప్పుడు చేయకుండా లేచి మూడోసారి పొయ్యి వెలిగించడానికి వెళ్లింది, వంటింటి తలుపు మాత్రం బార్లా తెరిచిపెట్టుకుంది.